చెల్లి పుడితే అన్నకొచ్చే జబ్బు

ముఖం గుండ్రంగా ఉంది, బుగ్గలు నిండుగా ఉన్నాయి. చూసినవాళ్లు బిడ్డ ఒళ్లు చేశాడనే అనుకుంటారు. పాదం మీద బొటనవేలితో మూడు సెకన్లు నొక్కి తీస్తే అసలు సంగతి బయటపడుతుంది. పడిన గుంట వెంటనే పూడదు. రెండు పాదాల్లోనూ అలాగే ఉంటే అది కండ కాదు, నీరు. జుట్టు రాగిరంగుకు తిరిగి, చర్మం పెచ్చులు లేచి, బొమ్మ చేతికిచ్చినా విసుగ్గా తల తిప్పుకునే ఆ బిడ్డకున్నది క్వాషియోర్‌కర్.

పేరు ఆఫ్రికాలోని గా భాషది. అప్పటి గోల్డ్‌కోస్ట్‌లో, అంటే ఇప్పటి ఘనాలో, పనిచేసిన డాక్టర్ సిసిలీ విలియమ్స్ 1933లో ఈ జబ్బును వర్ణించారు. అక్కడివాళ్లు దాన్ని పిలిచే మాటనే 1935లో లాన్సెట్ పత్రిక ద్వారా వైద్యలోకానికి అందించారు. తల్లికి మరో కాన్పు కావడంతో చనుబాలకు దూరమైన పెద్దబిడ్డకు వచ్చే జబ్బు అని దాని అర్థం. ఆ బిడ్డకు ఆ తర్వాత దక్కేది మొక్కజొన్న జావ. కారణాన్నీ సమయాన్నీ ఒక్క మాటలో పట్టేసిన ఆ పల్లెజనం ముందు వైద్య పరిభాష కాస్త పేలవంగానే కనిపిస్తుంది.

దీని తోబుట్టువు మరాస్మస్. ఇందులో వాపు ఉండదు. కొవ్వూ కండా కరిగిపోయి, పసిముఖం ముసలిముఖమవుతుంది.

ఈ రెండూ ఎందుకొస్తాయో తెలియాలంటే ఒంటి జమాఖర్చు చూడాలి. గ్రాము పిండిపదార్థం 4 కేలరీలిస్తుంది, ప్రొటీన్ కూడా అంతే, కొవ్వు 9. అయితే ప్రొటీన్ అసలు పని ఒంటిని కట్టడం, మరమ్మతు చేయడం. పొయ్యిలోకి కట్టెలు చాలక ఇంటి వాసాలే విరిచి పెట్టినట్టు, కేలరీలు తక్కువైతే శరీరం ప్రొటీన్‌నే కాల్చుకుంటుంది. అన్నం చాలని బిడ్డకు గుడ్డు పెట్టినా అందులో కొంత పొయ్యిపాలే.

ఇంత చిన్న విషయం మీద పెద్ద రభసే జరిగింది. 1960లలో ప్రపంచమంతా ప్రొటీన్ కొరత గురించే మాట్లాడింది. చేపల నుంచి ప్రొటీన్ పొడి తీశారు, రొట్టెల్లో లైసిన్ అనే అమైనో ఆమ్లం కలిపారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు డైరెక్టర్‌గా ఉన్న డాక్టర్ సి. గోపాలన్ మాత్రం పిల్లల కంచాల్లోకి తొంగిచూశారు. క్వాషియోర్‌కర్ వచ్చినవాళ్లూ మరాస్మస్ వచ్చినవాళ్లూ తింటున్నది ఒకే రకం తిండి అని 1968లో చెప్పారు. తినే అన్నం, పప్పూ సరిపడా తింటే ప్రొటీన్ లోటు చాలావరకు దానంతటదే తీరుతుందన్నది ఆయన వాదన. బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ పప్పులో దండిగా ఉంటుంది కాబట్టి, పప్పన్నం ఒకదాని లోటు ఒకటి తీర్చే జోడీ. 1974లో డొనాల్డ్ మెక్‌లారెన్ లాన్సెట్‌లోనే ఆ ప్రొటీన్ హడావుడిని ఘోర వైఫల్యమని దుయ్యబట్టారు. ఒకే తిండి తిన్న పిల్లల్లో కొందరికే ఎందుకు నీరు పడుతుందన్నది మాత్రం ఇప్పటికీ తేలలేదు.

చిక్కంతా పసివాడి పొట్ట చిన్నది కావడంలో ఉంది. గ్లాసుడు పల్చటి గంజితో అది నిండుతుంది, కేలరీలు మాత్రం అందవు. అందుకే హైదరాబాద్ సంస్థ తయారుచేసిన ‘హైదరాబాద్ మిక్స్’లో నీళ్లకు చోటు లేదు. వేయించిన గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగ పలుకులు 10 పొడికొట్టి, 20 గ్రాముల బెల్లం కలుపుతారు. ఆ కాస్త పిండిలోనే 330 కేలరీలు, 11 గ్రాముల పైచిలుకు ప్రొటీన్. బెల్లం ఉంది కాబట్టి పిల్లలు మారాం చేయకుండా తింటారు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఎత్తుకు తగ్గ బరువు లేని అయిదేళ్లలోపు పిల్లలు తెలంగాణలో 21.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 16.1 శాతం. ఆర్నెల్ల నుంచి అయిదేళ్లలోపు పిల్లల జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గితే, కొలిచే రంగుల టేపు ఎరుపు చూపిస్తుంది. అది తీవ్ర లోపం.

బిడ్డ ఆస్పత్రిలో చేరాక బంధువులు గుడ్లు, మాంసం పెట్టమంటారు. డాక్టర్లు ఒప్పుకోరు. చిక్కిపోయిన ఒంటికి ఒక్కసారిగా పెద్ద భోజనం పడితే రక్తంలో లవణాలు తారుమారై ప్రాణం మీదికి వస్తుంది. మొదట ఇచ్చేది ఎఫ్-75 అనే పాలు. వంద మిల్లీలీటర్లకు 75 కేలరీలు, ప్రొటీన్ గ్రాము లోపే. రాత్రీ పగలూ రెండు మూడు గంటలకోసారి, కొద్దికొద్దిగా పట్టిస్తారు.

ఆ రోజుల్లో రోజూ బరువు చూసే తల్లి హడలిపోతుంది. ముల్లు కిందికి దిగుతూ ఉంటుంది మరి. నర్సు మాత్రం తేలిగ్గా నవ్వి, బిడ్డ పాదం మీద బొటనవేలు నొక్కి తీసి చూపిస్తుంది. ఈసారి గుంట పడదు.