చెవితో చదివేవారు

మీ ఇంట్లో కంప్యూటరు వుంటే ఒక్కసారి కళ్లు మూసుకుని దాని కీబోర్డు మీద వేళ్లు ఆడించి చూడండి. నడిమి వరసలో “ఎఫ్‌”, “జె” అనే రెండు మీటల మీద చిన్న గీతలాంటి ఉబ్బు తగులుతుంది. కుడిపక్కన అంకెల మీటలు విడిగా వుంటే, అయిదు మీద కూడా అలాంటి గుర్తే వుంటుంది. ఏళ్ల తరబడి ఆ మీటలు నొక్కుతూనే వుంటాం గాని, ఆ గుర్తులెందుకున్నాయని మనలో చాలామంది అడగరు. చూడకుండా టైపు చేసే వేళ్లు తమ చోటు తాము వెతుక్కోవటానికి పెట్టిన గుర్తులవి. రెండు చూపుడు వేళ్లూ అక్కడ ఆనితే చాలు, తక్కిన మీటలన్నీ ఎక్కడెక్కడున్నాయో చేతికే తెలుస్తుంది. కీబోర్డుకు కంటితో పని లేదన్నమాట!

ఇందులో వింతేమీ లేదు. టైపు యంత్రాల పూర్వ చరిత్ర వెతుక్కుంటూ పోతే, మొదటి పుటల్లోనే చూపు లేని ఒక వనిత కనిపిస్తుంది. 1808 ప్రాంతంలో ఇటలీలో పెల్లెగ్రినో తుర్రి అనే ఆయన, చూపు కోల్పోయిన కరోలినా ఫాంతోనీ అనే ప్రభువంశపు స్త్రీ తన ఉత్తరాలు తానే రాసుకోవటానికి ఒక యంత్రం చేసి ఇచ్చాడు. ఆ యంత్రం మిగల్లేదు గాని, దాని మీద ఆమె కొట్టిన ఉత్తరాలు కొన్ని ఈనాటికీ మిగిలి వున్నాయి. కళ్లున్నవారి ఆఫీసుల్లోకి టైపు మిషను రావటానికి ఎన్నో ఏళ్ల ముందు మాట ఇది.

అక్షరానికి గొంతు వచ్చింది

టైపు చెయ్యటం సరే, చేసినదాన్ని చదువుకోవటమెలా? తెర మీద ఏముందో చూపు లేనివారికి తెలిసేదెలా? అందుకు పుట్టిందే స్క్రీన్‌ రీడరు. తెర మీది మాటలను పైకి చదివి వినిపించే ప్రోగ్రాము ఇది. అమెరికాలో టెడ్‌ హెంటర్‌ అనే మోటారు సైకిల్‌ పందేల వీరుడు 1978లో కారు ప్రమాదంలో చూపు పోగొట్టుకున్నాడు. తరవాత కంప్యూటరు విద్య నేర్చి, “జాస్‌” అనే స్క్రీన్‌ రీడరును 1989లో తీసుకువచ్చాడు. అది మంచి సాధనమే గాని ఖరీదు ఎక్కువ. మన మధ్యతరగతి ఇళ్లకే అందనిది, పేదవారి మాట చెప్పనక్కర లేదు.

ఆ అడ్డు తొలగించినవారు ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్‌ కరన్‌, జేమ్స్‌ తే అనే ఇద్దరు యువకులు. ఇద్దరికీ చూపు లేదు. చూపు లేనివాడు, చూపున్నవాడు పెట్టిన డబ్బు మీద మరింత డబ్బు పెడితే గాని కంప్యూటరు వాడలేకపోవటం న్యాయం కాదన్నది వారి వాదం. 2006లో వారు మొదలుపెట్టిన “ఎన్‌.వి.డి.ఎ.” అనే స్క్రీన్‌ రీడరును ఎవరైనా ఉచితంగా తెచ్చుకోవచ్చు. దానితో వచ్చే “ఈ-స్పీక్‌” అనే గొంతు తెలుగు కూడా చదువుతుంది. మరమనిషి మాటలా వుంటుంది నిజమే, కాని ఇంటర్నెట్‌ లేకుండానే చదువుతుంది.

ఇక్కడ ఒక్క సంగతి గట్టిగా గుర్తు పెట్టుకోవాలి. స్క్రీన్‌ రీడరు తెరను కంటితో చూసినట్లు చూడదు. కంప్యూటరు కడుపులో అక్షరం అక్షరంగా వుంటేనే దాన్ని తీసి వినిపిస్తుంది. ఈ వ్యాసంలో ముందు ముందు వచ్చే కష్టమంతా ఈ ఒక్క వాక్యంలోనే వుంది.

దారి చూపే మీటలు

చూపు లేనివారికి మౌస్‌ పనికిరాదు. బాణం గుర్తు ఎక్కడుందో కనబడితేనే గదా దాన్ని కదపగలిగేది! అందుచేత వారి రాకపోకలన్నీ మీటల మీదే. “ట్యాబ్‌” నొక్కితే ఒక గడి నుంచి తరవాతి గడికి, “షిఫ్ట్‌” కలిపి నొక్కితే వెనక్కి. “ఆల్ట్‌”, “ట్యాబ్‌” కలిపితే ఒక పని నుంచి మరో పనికి. ఎన్‌.వి.డి.ఎ.లో “ఇన్సర్ట్‌” పట్టుకుని “టి” నొక్కితే తాము ఎక్కడున్నదీ పేరు చెబుతుంది. కింది బాణం నొక్కితే అక్కణ్ణుంచి గడగడా చదువుకుపోతుంది. “ఎఫ్‌ 12” నొక్కితే టైము చెబుతుంది. చెప్పింది చాలనుకుంటే “కంట్రోల్‌” మీద వేలు వేస్తే నోరు మూసుకుంటుంది.

ఇంటర్నెట్‌ పేజీల్లో ఇంకా హాయి. “హెచ్‌” నొక్కితే తరవాతి శీర్షిక, “కె” నొక్కితే తరవాతి లింకు, “బి” నొక్కితే బటను, “టి” నొక్కితే పట్టిక, “ఇ” నొక్కితే రాసే గడి. మనం వారపత్రిక తిరగేస్తూ శీర్షికలు చూసి, నచ్చినచోట ఆగుతామే, సరిగ్గా ఆ పనే వారు “హెచ్‌” మీటతో చేస్తారు. ఏ మీట ఏం చేస్తుందో మరిచిపోతే “ఇన్సర్ట్‌”, “ఒకటి” కలిపి నొక్కి, తక్కిన మీటలు తడుముతూ పోతే, ఒక్కొక్కటీ తన పేరూ తన పనీ చెప్పుకుంటుంది.

తెలుగువారికి ఈ విద్యను పరిచయం చెయ్యాలంటే అవధానం గుర్తు చెయ్యటమే సులువు. అవధానిగారు పృచ్ఛకుల మాటలన్నీ చెవితో విని, ఎవరు ఎక్కడ ఆపారో మనసులో పట్టుకుని, మధ్యలో గంటలు లెక్కపెడుతూ, చివరకు అన్నీ తిరిగి అప్పజెబుతారు. స్క్రీన్‌ రీడరు వాడేవారూ అంతే. శీర్షిక ఎన్నోది, బటను ఏ పట్టిక తరవాత వచ్చింది, ఇంతకుముందు విన్న అంకె ఏది—పేజీ మొత్తాన్ని ధారణలో పెట్టుకుంటారు. అలవాటుపడ్డవారు మామూలు మాటకు రెండింతలు, మూడింతల వేగంతో వింటారు. పక్కనున్న మనకు అది వడగళ్లు పడుతున్న చప్పుడులా వుంటుంది. వారికి మాత్రం తేట తెలుగు!

అయితే చెవి ఒక్కటే చాలదు. తెలుగు పాఠం చెప్పేవాడిగా ఇది నొక్కి చెప్పక తప్పదు. శ, ష తేడాలు వింటే తేలవు. బాణం మీటలతో ఒక్కొక్క అక్షరమే నడిచి చూసుకోవాలి, లేదా వేలితో తాకాలి. వేలితో తాకే లిపి లూయీ బ్రెయిలీ 1824లో, పదిహేనేళ్ల ప్రాయంలో, ఆరు చుక్కలతో కూర్చినది. 1951 నుంచి మన దేశ భాషలన్నిటికీ కలిపి భారతీ బ్రెయిలీ వుంది. అందులో తెలుగు “క”కూ, హిందీ “క”కూ, ఇంగ్లీషు “కె”కూ చుక్కలు అవే. కంప్యూటరు వచ్చింది గదా అని పిల్లలకు బ్రెయిలీ మాన్పించటం, రేడియో వచ్చింది గదా అని పలక లాక్కోవటం వంటిది.

గోదావరి ఎగువన

ఖమ్మం నుంచి భద్రాచలం సుమారు 120 కిలోమీటర్లు. 2016లో జిల్లాలు విడదీసినప్పుడు భద్రాచలం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది. అక్కణ్ణుంచి నది వెంబడి ఎగువకు, దుమ్ముగూడెం, చర్ల వైపు పోతే ఒకపక్క గోదావరి, ఒకపక్క అడవి, అవతల ఛత్తీస్‌గఢ్‌. కోయగూడేల్లో పుట్టిన చూపు లేని పిల్లవాడి సంగతి ఆలోచించండి. ఇంట్లో కోయ మాట. బడిలో తెలుగు. కంప్యూటరు మీటల పేర్లేమో ఇంగ్లీషు. మూడు భాషల గడపలు దాటితే గాని వాడి చేతికి ఒక మీట రాదు. దానికి తోడు వానాకాలంలో కరెంటు పోతుంది, ఫోను సిగ్నలు దోబూచులాడుతుంది.

ఇలాంటిచోట ఎన్‌.వి.డి.ఎ.కు ఒక గొప్ప గుణం వుంది. దాన్ని వేలెడంత పెన్‌డ్రైవులో పెట్టుకుని జేబులో వేసుకోవచ్చు. ఏ కాలేజీ లాబులో, ఏ స్నేహితుడి ఇంట్లో కంప్యూటరు దొరికినా దానికి తగిలిస్తే చాలు, అది మాట్లాడే కంప్యూటరవుతుంది. ఇంటర్నెట్‌ అక్కర లేదు. తీసేస్తే కంప్యూటరు ఎప్పటిలాగే వుంటుంది.

దుమ్ముగూడెం అవతల నుంచి వచ్చి డిగ్రీ చదివిన ఒక అబ్బాయి నాకు తెలుసు. పెన్‌డ్రైవును తాడు కట్టి మెళ్లో వేసుకు తిరిగేవాడు. పాఠాలు విన్నాడు, జవాబులు తానే టైపు చేశాడు, తోటివారికి మీటలు నేర్పాడు. చదువు పూర్తయ్యాక ఒక ఉద్యోగ ప్రకటన వచ్చింది. ఆ కార్యాలయంవారు కాగితాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపారు. అతని ఫోను ఆ కాగితం మొత్తాన్నీ ఒక్క మాటలో చదివింది: “ఫొటో”. అందులో ఏముందని ఎవరినో అడిగి చదివించుకునేసరికి గడువు దాటి రెండు రోజులైంది. ఉద్యోగం వచ్చేదో రాదో ఎవరూ చెప్పలేరు. కాని దరఖాస్తు పెట్టుకునే హక్కు పోయింది చూపు లేక కాదు, అక్షరం బొమ్మగా మారి!

అనూ అక్షరాల గొడవ

బొమ్మల సంగతి అలా వుంచి, అక్షరాల్లా కనిపించే అక్షరాల మాట చూద్దాం. మన తెలుగునాట శుభలేఖ నుంచి ప్రశ్నపత్రం దాకా ఎంతో అచ్చుపని ఏళ్ల తరబడి “అనూ” ఫాంట్లలో సాగింది. ఈ పాత ఫాంట్ల కిటుకు ఏమిటంటే, కంప్యూటరు లోపల వుండేది ఏదో ఒక ఇంగ్లీషు అక్షరమో, గుర్తో. పైన మాత్రం దానికి తెలుగు అక్షరం ముసుగు వేస్తారు. మన కంటికి “అమ్మ” అని చక్కగా కనబడుతుంది. స్క్రీన్‌ రీడరు ముసుగు చూడదు గదా, లోపలున్న అర్థంలేని గుర్తులే చదువుతుంది. ఎంత పాండిత్యంతో రాసిన పాఠమైనా సరే, చెవికి చేరేది కాకిగోల.

దీనికి మందు ఎన్నడో వచ్చింది. ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ తలా ఒక సంఖ్య కేటాయించే యూనికోడ్‌లో 1991లోనే తెలుగుకు చోటు దొరికింది. 2001లో వచ్చిన విండోస్‌ ఎక్స్‌పీలో “గౌతమి” అనే తెలుగు ఫాంటు వుంది. పాత ఫాంట్ల రాతను యూనికోడ్‌లోకి మార్చే సాధనాలూ వున్నాయి. యూనికోడ్‌లో రాసిన తెలుగును కంప్యూటరు వెతికిపెడుతుంది, చదువుతుంది, బ్రెయిలీలోకి మారుస్తుంది. ఇక టైపు నేర్చుకోవటానికి ప్రభుత్వం 1986లో ఖాయం చేసిన ఇన్‌స్క్రిప్ట్‌ కీబోర్డు చూడండి. ఎడమచేతికి అచ్చులు, కుడిచేతికి హల్లులు. “కె” మీట మీద తెలుగులోనైనా హిందీలోనైనా “క” అక్షరమే. చూడకుండా టైపు చేసేవారికి ఇంతకంటె తేలిక ఏర్పాటు మరొకటి కావాలా?

“ఈ రోజుల్లో బొమ్మలోని అక్షరాలను కూడా ఫోన్లు చదివేస్తున్నాయి కదా” అని కొందరంటారు. నిజమే, అచ్చు శుభ్రంగా వుంటే చాలావరకు చదువుతాయి. కాని వంకరగా తీసిన ఫొటో, రబ్బరు స్టాంపు కింద నలిగిన తేదీ, పక్కన చేత్తో రాసిన సవరణ—ఇక్కడే తడబడతాయి. కథలో ఒక మాట తప్పితే సర్దుకోవచ్చు. గడువు తేదీలో అంకె తప్పితే ఎలా సర్దుకోవటం?

చట్టం ఏమంటోంది

2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం, చదివే సమాచారం ఏ రూపంలో వున్నా వారికి అందేలా చూడాలని ప్రభుత్వాలకు చెప్పింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, ఈ సౌకర్యాల ప్రమాణాలు వట్టి సలహాలుగా కాక తప్పనిసరి నియమాలుగా వుండాలని తీర్పు ఇచ్చింది. ఆ కేసులో దేశపరిస్థితిని పరిశీలించి కోర్టుకు నివేదిక ఇచ్చింది మన హైదరాబాదులోని నల్సార్‌ న్యాయ విశ్వవిద్యాలయమే. 2025 ఏప్రిల్‌ 30న మరో తీర్పు వచ్చింది. బ్యాంకు ఖాతాల వంటివాటికి ఫోనులో గుర్తింపు అడిగేటప్పుడు “కన్ను ఆర్పండి” అంటున్నారు. చూపు లేనివారు, యాసిడ్‌ దాడిలో కళ్లు దెబ్బతిన్నవారు ఏం చెయ్యాలి? ఈ ప్రశ్న విన్న న్యాయస్థానం, డిజిటల్‌ సేవలు అందుకోవటం జీవించే హక్కులో భాగమేనని చెప్పి, ఇరవై ఆదేశాలిచ్చింది.

పట్టుపడితే దారి దొరుకుతుందనటానికి మన తెలుగువాడే సాక్షి. మచిలీపట్నం దగ్గర పుట్టిన బొల్లా శ్రీకాంత్‌, చూపు లేదని ఇంటర్మీడియట్‌లో సైన్సు ఇవ్వనంటే కోర్టుకు వెళ్లి గెలిచి, పాఠాలన్నీ చెవితో విని చదివి, అమెరికాలోని ఎం.ఐ.టి.లో చేరాడు. తిరిగి వచ్చి 2012లో పరిశ్రమ స్థాపించాడు. అయితే ప్రతి గూడెం పిల్లవాడూ కోర్టుకెక్కి చదువుకోవాలంటే అది న్యాయం కాదు.

మన వంతు

అందరం చెయ్యదగినవి నాలుగే నాలుగు. ప్రకటన పంపితే ఫొటోతో పాటు అందులోని సంగతి, ముఖ్యంగా తేదీ, చోటు, అర్హత, కింద టైపు చేసి పంపాలి. తెలుగు యూనికోడ్‌లోనే రాయాలి. బొమ్మ పెడితే అందులో ఏముందో నాలుగు మాటల్లో చెప్పాలి. ఎవరికైనా కంప్యూటరు నేర్పేటప్పుడు “ఆ ఎర్ర బటను నొక్కు” అనకుండా బటను పేరూ మీట పేరూ చెప్పాలి. ఒక్కొక్కదానికి పట్టేది రెండు నిముషాలు.

ఇంట్లోవారు ఒక ప్రయోగం కూడా చెయ్యవచ్చు. విండోస్‌ పదో, పదకొండో వున్న కంప్యూటరులో “కంట్రోల్‌”, “విండోస్‌”, “ఎంటర్‌” మూడూ కలిపి నొక్కితే కంప్యూటరు మాట్లాడటం మొదలుపెడుతుంది. మళ్లీ అవే నొక్కితే ఆగిపోతుంది. తెర మీద తువ్వాలు కప్పి, మౌస్‌ పక్కన పెట్టి, ఒక పావుగంట మీటలతోనే ఒక ఉత్తరం చదవండి. పిల్లలకు ఇది ఆటగా వుంటుంది, పెద్దలకు కనువిప్పు అవుతుంది. కంటిలో పువ్వు వేసిన బామ్మగారుంటే, “విండోస్‌” మీటతో “ప్లస్‌” గుర్తు నొక్కి అక్షరాలు పెద్దవి చేసి చూపండి. ఈ మీటలు చూపు లేనివారికి మాత్రమే అనుకోనక్కర లేదు, వయసు మీదపడితే మనకూ అవసరమే.

2011 జనాభా లెక్కల్లో చూపు ఇబ్బంది వున్నవారు మన దేశంలో సుమారు 50 లక్షలమంది. వారు చదవటానికి సిద్ధంగా వున్నారు. మీటలు నేర్చుకున్నారు, చెవులు పదును పెట్టుకున్నారు, సాధనం జేబులో పెట్టుకుని గూడెం నుంచి బస్సెక్కి వచ్చారు. ఇక అక్షరాన్ని అక్షరంగా అందించే పూచీ రాసేవారిది.