కాలేజీ మూతపడిందా? పిల్లలకు ఈ పనులు అప్పజెప్పండి!

1969 ఉద్యమంలో తెలంగాణ విద్యార్థులు ఏడాది చదువు పోగొట్టుకున్నారు. 2020 మార్చిలో కరోనాతో కాలేజీలు మూతపడి, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పల్లెలకు పిల్లలు యాసంగి కోతల ముందరే ఇల్లు చేరారు. మళ్లీ అలాంటి సెలవులొస్తే వాళ్లను ఉత్తగా కూర్చోబెట్టకండి. కూలి మిగులుతుందని చదువు మాన్పించకండి. ఈ పనులు అప్పజెప్పండి.

● మొలక పరీక్ష: 100 వడ్లగింజలు తడిగోనెలో చుట్టి తడి ఆరకుండా చూడాలి. 80కి తగ్గితే విత్తనానికి పనికిరావు.

● మట్టి నమూనా: పొలంలో పదిచోట్ల జానెడు లోతున తీసి, కలిపి, అరకిలో పరీక్షకు పంపాలి.

● ఖర్చుల పుస్తకం: ఎరువు, కూలి, కోతమిషన్ ఖర్చు ఏ రోజుది ఆ రోజే రాయాలి.

● వడ్లలో తేమ: 17 శాతం మించితే కొనుగోలు కేంద్రంలో తిప్పలే. ఆరబెట్టించాలి.

కాలేజీ తెరిచిన రోజే పిల్లల్ని పంపండి. ఖర్చుల పుస్తకం మాత్రం మీరు ఆపకండి.