రేడియోలో మ్యాచ్ ముచ్చట్లు ఎందుకు రావు?

"డేటా అయిపోయింది తమ్మీ, రేడియోల మ్యాచ్ వస్తదా?" జడ్చర్ల బస్టాండ్ దగ్గర చాయ్ హోటల్ అన్న అడిగిండు. రివ్యూకి వచ్చిన ఫోన్ తీశా. ఎఫ్ఎం యాప్ ఇయర్‌ఫోన్ పెట్టమంది. ఆ వైరే దానికి యాంటెన్నా. ఈ ఫోన్‌కి 3.5 ఎంఎం జాకే లేదు!

నా పాత ఫోన్‌లో పెట్టి చూస్తే హైదరాబాద్ ప్రైవేట్ స్టేషన్లన్నీ గరగర. 80 కిలోమీటర్ల దూరం మరి.

సరే, క్లియర్‌గా వచ్చినా మ్యాచ్ ఉండదు. అసలు చిక్కు ఇదే. ప్రైవేట్ ఎఫ్ఎంలకు సొంత వార్తలు చదివే అనుమతి లేదు. 2011 పాలసీలో ఆటల సమాచారం చెప్పుకోమన్నారు, లైవ్ మాత్రం వద్దన్నారు (లోకల్ పోటీలకు మినహాయింపు ఉంది). లైవ్ లేకుండా రోజంతా క్రికెట్ మాట్లాడితే ఎవరు వింటారు? పాటలేసుకోవడమే నయం.

ఈలోపు 2018లో స్టార్ స్పోర్ట్స్ తెలుగు వచ్చింది. 2023లో జియోసినిమా ఐపీఎల్‌ని తెలుగు కామెంటరీతో ఫ్రీగా చూపించింది. ఇక రేడియో అడిగేదెవరు? అదే ఏడాది ఏప్రిల్‌లో ఫోన్లలో ఎఫ్ఎం ఉంచమని కేంద్ర ఐటీ శాఖ కంపెనీలకు చెప్పింది. మంచిదే, కానీ అందులో వినడానికి మ్యాచ్ ఏది?

అన్నకి హాట్‌స్పాట్ ఆన్ చేసిచ్చా. స్ట్రీమింగ్ కదా, పక్క షాపు టీవీలో సిక్స్ అయ్యాక మా ఫోన్లో బౌలర్ పరుగెత్తుతున్నాడు.