గెలిచే పిల్లలు ఆట ఎందుకు మానేస్తారు?

రేగొండ హైస్కూలు ఆటస్థలంలో ఒక కుర్రవాడున్నాడనుకుందాం. ఏడో తరగతిలో 100 మీటర్ల పరుగులో మండలానికే మొదటివాడు. తొమ్మిదిలో మూడోస్థానం. పదో తరగతిలో ఆటస్థలం వైపే రాడు. “బద్ధకం పెరిగింది” అంటారు చూసినవాళ్లు. నిజంగా అంతేనా?

ముందు శరీరం సంగతి చూద్దాం. ఒకే తరగతిలో ఉన్నా అందరూ ఒకేసారి ఎదగరు. ఆడపిల్లలు సుమారు 12 ఏళ్లకు, మగపిల్లలు 14 ఏళ్లకు అన్నిటికన్నా వేగంగా పొడుగవుతారు. కొందరిలో ఇది ఏడాది, రెండేళ్లు ముందే వస్తుంది. మన కుర్రవాడు అలాంటివాడే కావచ్చు. ఏడో తరగతి గెలుపులో అతడి నేర్పుతోపాటు పొడుగు కాళ్లకూ వాటా ఉంది. తోటివాళ్లు ఎదగగానే ఆ వాటా పోయింది. నేర్పు ఎక్కడికీ పోలేదు. కాని ఆ మాట అతడికి చెప్పినవారు లేరు!

దీనికి తోడు మోకాలినొప్పి. తొడ ముందుభాగంలోని పెద్ద కండరం మోకాలిచిప్ప మీదుగా వచ్చి, ఒక గట్టి స్నాయుబంధనంతో కింది ఎముక మీది బుడిపెకు అతుక్కుని ఉంటుంది. ఎదిగే వయసులో ఆ బుడిపె ఇంకా పూర్తిగా గట్టిపడదు, అక్కడ మృదులాస్థి ఉంటుంది. ఎముక గబగబా పొడుగవుతుంటే కండరం అంత త్వరగా సాగదు. బిగిసిన తాడు మేకును పీకినట్లు, ప్రతి పరుగుకూ, ప్రతి దూకుడుకూ ఆ బుడిపె లాగబడుతుంది. వాపు, నొప్పి వస్తాయి. 1903లో అమెరికాలో ఆస్‌గుడ్, స్విట్జర్లాండులో ష్లాటర్ అనే వైద్యులు విడివిడిగా దీన్ని వివరించారు. అందుకే దానికి ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఎదుగుదల ఆగాక ఇది సాధారణంగా తగ్గిపోతుంది. కొన్నాళ్లు పరుగులు తగ్గించి, వైద్యుడికి చూపిస్తే చాలు. పిల్లలేమో నొప్పిని దాచి పరుగెత్తుతారు, లేదా భయపడి మొత్తానికే మానేస్తారు.

రజస్వల కాగానే ఆడపిల్లను ఆట మానిపించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. దానికి మాత్రం శరీరశాస్త్రంలో ఏ కారణమూ దొరకదు.

ఇక పరీక్షలు. పుల్లెల గోపీచంద్, ఆయన అన్న ఇద్దరూ చిన్నప్పుడు బాడ్మింటన్ బాగా ఆడేవారు. అన్నకు ఐ.ఐ.టి.లో సీటు వచ్చింది, ఆట ఆగిపోయింది. తమ్ముడు ఇంజనీరింగు ప్రవేశపరీక్ష తప్పాడు, ఆట సాగింది. 1994లో మోకాలికి పెద్ద దెబ్బ తగిలి శస్త్రచికిత్సలు జరిగినా నిలదొక్కుకుని, 2001లో ఆల్ ఇంగ్లండ్ విజేత అయ్యాడు. చదువులో రాణించకపోవడం తన అదృష్టమని ఆయనే చెప్పుకుంటాడు. పరీక్ష పాసైవుంటే ఏమయ్యేదో ఊహించండి! అదే గోపీచంద్ 2025లో, డబ్బున్న కుటుంబమైతే తప్ప పిల్లలను ఆటనే బతుకుతెరువుగా ఎంచుకోనివ్వవద్దని చెప్పి చాలామందిని ఆశ్చర్యపరిచాడు.

రేగొండకు తిరిగి వద్దాం. మంచి శిక్షణ కావాలంటే పరకాల మీదుగా హనుమకొండ స్టేడియానికి పోవాలి. బస్సు ఛార్జీ, గుడ్లు, పాలు, బూట్లు కావాలి. పొద్దునా సాయంత్రం పదో తరగతి ప్రత్యేక తరగతులు. పైగా ఎదిగే వయసులో అన్నిటికన్నా ముందు పెరిగేవి పాదాలు. జూన్‌లో కొన్న బూట్లు సంక్రాంతి నాటికే ఇరుకవుతాయి.