తీసేసిన పనివాడు కేసు వేస్తే యజమాని ఏం చెయ్యాలి?

పోయిన ఎపిసోడ్‌లో కార్మికుడి వైపు నుంచి మాట్లాడుకున్నాం. ఈసారి యజమాని వైపు నుంచి చూద్దాం.

వాడరేవులో ఒక ఐస్ ఫ్యాక్టరీ అనుకోండి. ఆరేళ్లుగా చేస్తున్న ఆపరేటర్ పది రోజులు పనికి రాలేదు. పదకొండో రోజు వస్తే ఓనరుగారు "నీ ప్లేసులో వేరేవాణ్ణి పెట్టుకున్నాం, వెళ్లు" అన్నారు. కొన్నాళ్లకి గుంటూరు లేబర్ కోర్టు నుంచి నోటీసొచ్చింది. వకీలు దగ్గర ఓనరుగారి మొదటి మాట: "నేనెక్కడ తీసేశానండీ? వాడే మానేశాడు."

ఈ మాట నిలబడాలంటే కాగితం కావాలి. పనిలోకి రమ్మని రాసిన ఉత్తరం ఏది? రిజిస్టర్డ్ పోస్టు రసీదు ఏది? 1993లో డి.కె. యాదవ్ కేసులో ఇదే ప్రశ్న వచ్చింది. ఎనిమిది రోజులు దాటి రాకపోతే ఉద్యోగం పోయినట్టేనని కంపెనీ రూల్స్‌లో ఉంది. అయినా సరే, సంజాయిషీ అడక్కుండా, విచారణ చెయ్యకుండా పేరు కొట్టెయ్యకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. సగం పాత జీతమిచ్చి మళ్లీ పనిలో పెట్టుకోమంది.

మరి విచారణ చెయ్యకపోతే కేసు పోయినట్టేనా? కాదండి. 1973 ఫైర్‌స్టోన్ తీర్పు ప్రకారం కార్మికుడి తప్పుని కోర్టులోనే సాక్ష్యాలతో రుజువు చేసుకోవచ్చు. ఆ అవకాశం ఇమ్మని మీ కౌంటర్‌లోనే అడగాలి. తర్వాత చూద్దాంలే అనుకోవద్దు.

హాజరు పట్టీ, జీతాల రిజిస్టరు, పీఎఫ్ చలాన్లు ఉన్నవి ఉన్నట్టు వకీలుకివ్వండి. నోటీసొచ్చాక కొత్త పుస్తకం రాయించారో, ఉన్న కేసు కూడా పోతుంది. వాయిదాలకి వెళ్లకపోతే ఎక్స్‌పార్టీ అవుతుంది.

వాడే మానేశాడని నిజంగా నమ్మితే, "వచ్చి చేరు" అని వెంటనే రాసి పంపండి. వస్తే గొడవ తీరింది. రాకపోతే ఆ ఉత్తరమే మీ సాక్ష్యం.

ఇక డబ్బు లెక్క. పని లేక తీసెయ్యాల్సొస్తే చట్టప్రకారం ఒక నెల నోటీసు, ఏడాదికి 15 రోజుల జీతం. ఆరేళ్లకి 90 రోజులు. మొత్తం నాలుగు నెలల జీతం. అదే కేసు మూడేళ్లు నడిచి ఓడిపోతే, పాత జీతమే 36 నెలలది పడొచ్చు. 2025 నవంబరు 21 నుంచి కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చినా ఈ నోటీసు, పరిహారం సంగతి అలాగే ఉంది.

తప్పు మన వైపుందని తెలిస్తే మొదటి వాయిదాలోనే రాజీకి కూర్చోండి. అవతల ఒక ఇల్లు జీతం లేకుండా నడుస్తోంది. మళ్లీ కలుద్దాం, నమస్తే.