టోకెన్ తిరిగి వెయ్యాలి

"తాతా, ఇవాళ ప్రోగ్రామింగ్ క్లాసులో సెమఫోర్ అన్నారు. నీ రైల్వే సెమఫోరూ అదీ ఒకటేనా?" అని మనవరాలు అడిగింది. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టిన పిల్ల అడగవలసిన ప్రశ్నే!

"రెండూ చుట్టాలే తల్లీ, కూర్చో" అన్నాను.

సింగిల్ లైను మీద ఎదురెదురుగా రెండు బళ్లు రాకూడదు కదా. అందుకే మా రోజుల్లో బాల్ టోకెన్ ఉండేది. గుప్పిట్లో పట్టేంత ఉక్కు బంతి. దానిమీద ఈ స్టేషను పేరూ ఆ స్టేషను పేరూ చెక్కి ఉండేవి. రెండు స్టేషన్ల మిషన్లనూ కరెంటు తీగ కలిపేది. ఒక బంతి బయటికొస్తే, అది మళ్లీ మిషన్‌లో పడేదాకా రెండోది ఊడిరాదు. ఆ బంతిని తోలు సంచిలో పెట్టి, బెత్తం రింగుకు తగిలించి అందిస్తే, కదిలే ఇంజను మీంచే చెయ్యి చాచి అందుకునేవారు. టోకెన్ లేనిదే బండి ముందుకు పోదు.

కంప్యూటర్లోనూ అంతే. మిగిలింది ఒక్క బెర్తు, బుకింగ్ నొక్కింది ఇద్దరు. ముందు టోకెన్ ఎవరికి దొరికితే వాళ్లదే పని, రెండోవాళ్లు ఆగాలి. 1960ల్లో డచ్చి శాస్త్రవేత్త డైక్‌స్ట్రా ఈ పద్ధతిని కనిపెట్టి, మన రైల్వే సిగ్నలు సెమఫోర్ పేరే దానికి పెట్టాడు.

టోకెన్‌తో చిక్కులూ ఉన్నాయి. 1997 జులై 4న అంగారకుడి మీద దిగిన పాత్‌ఫైండర్ నౌక కొద్ది రోజులకే మాటిమాటికీ తనంతట తనే రీసెట్ అవడం మొదలుపెట్టింది. వాతావరణ వివరాలు పట్టే చిన్న పని టోకెన్ పట్టుకుంది. ఆ పనిని పక్కకు నెట్టి మధ్యరకం పనులు దూరిపోయాయి. టోకెన్ కోసం ముఖ్యమైన పని కాచుక్కూర్చుంది. సెక్షన్లో గూడ్సు ఇరుక్కుంటే వెనక మెయిలు ఆగిపోయినట్టన్నమాట. ఇంజనీర్లు భూమ్మీది నుంచే సరిచేశారు: టోకెన్ ఉన్నంతసేపూ ఆ చిన్న పనికి మెయిలు హోదా! గబగబా ముగించి దారి వదిలేస్తుంది.

గూడ్సుల వల్ల లైను ఆగిపోకుండా మన రైల్వే ఇంకో దారి పట్టింది. 2022 ఆగస్టు 15న కోర్బా నుంచి బొగ్గుతో సూపర్ వాసుకి అనే బండిని నడిపింది. అయిదు గూడ్సులు ఒకటిగా కలిసి, 295 వ్యాగన్లు, 6 ఇంజన్లు, మూడున్నర కిలోమీటర్ల పొడవు! అయిదుసార్లు ఇవ్వాల్సిన దారి ఒక్కసారితో సరి.

ఇప్పుడు టోకెన్‌లాగే బళ్లు గుద్దుకోకుండా చూసే పనిలో రేడియో కూడా చేరింది. కవచ్ అనే రక్షణ వ్యవస్థలో పట్టాల మధ్య చిన్న ట్యాగులుంటాయి. ఇంజను వాటిని చదివి తానెక్కడుందో తెలుసుకుంటుంది, స్టేషనుతో రేడియోలో మాట్లాడుతుంది. ఎర్ర సిగ్నలు దాటబోతే బ్రేకు దానంతటదే పడుతుంది. 2022 మార్చిలో తెలంగాణలోని గుల్లగూడ, చిట్గిద్ద మధ్య పరీక్షిస్తే, ఎదుటి ఇంజనుకు 380 మీటర్ల దూరంలో బండి ఆగింది. 2025 నవంబరు 4న మన ఊరి దగ్గరే మెమూ ప్యాసింజరు వెళ్లి ఆగి ఉన్న గూడ్సును గుద్దింది. ఆ రాత్రి కాలనీలో ఎవరికీ నిద్రలేదు. కవచ్ ప్రతి లైనుకూ రావాలని అందుకే ఇంతగా కోరుకుంటున్నాను.

మనవరాలు నోట్‌బుక్ మూసింది. "రేపు ప్రోగ్రాం రాసేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకో తల్లీ" అన్నాను. "టోకెన్ తీసుకున్నావా, పని కాగానే తిరిగి వేసెయ్యి. అవతలి స్టేషన్లో బండినిండా జనం దానికోసమే చూస్తుంటారు."