నిలిచిన బండి బరువు

2009 జూలై 5వ తేదీన కాలిఫోర్నియాలోని లగూనా సెకా పందెపుబాటపై జరిగిన అమెరికా గ్రాండ్ ప్రి మోటారుసైకిలు పందెములో వేలెంటినో రోసీ అంతటి జగజ్జెట్టిని రెండవ స్థానమునకు నెట్టి ప్రథముడుగా నిలిచినవాడు డాని పెడ్రోసా అను స్పెయిన్ దేశీయుడు. ఆతని ఎత్తు 160 సెంటీమీటర్లు. బరువు 51 కిలోలు. తనకు దాదాపు మూడింతలు బరువుగల 800 సీసీ హోండాను, నిట్టనిలువు వాలులో మెలికలు తిరుగుచు దిగు ‘కార్క్‌స్క్రూ’ మలుపుల గుండా ఆ చిన్న దేహమే నడిపినది. పొట్టివారికి, బక్కపలుచనివారికి పెద్ద బండి తగదను లోకాభిప్రాయమునకు ఇంతకంటె బలమైన సమాధానము అక్కరలేదు.

ఐనను, ఈ ఒక్క విజయమును చూచి ఏ బండియైనను ఎవరికైనను సరిపడునని తీర్మానించుట పొరపాటు. ఆతని బండి పిడులు, ఆసనము, స్ప్రింగులు ఆతని కొలతలకు అమర్చినవి. అంతకంటె ముఖ్యముగా, పందెపుబాటలో ఎర్రదీపము వద్ద ఆగవలసిన పని లేదు; పెట్రోలు బంకు వాలులో బండిని వెనుకకు నెట్టవలసిన పని లేదు. సైకిలు నేర్చిన ప్రతివారును ఎరిగినట్లు, వేగముగా పోవు రెండు చక్రముల బండి తన్ను తానే నిలుపుకొనును. ఆగిన మరుక్షణమున దాని భారమంతయు మన కాలిమీదకు వచ్చును. కావున అల్పకాయులకు పరీక్ష వేగమునందు కాదు, నిలుకడయందు. బండిని ఎంచుకొనుటలో తక్కిన విచారములన్నియు ఈ ఒక్క సత్యమునుండియే పుట్టును.

ఉన్నతవిద్యకో ఉద్యోగమునకో డల్లాసుకు, శాన్ హోజేకు చేరిన మన యువతీయువకులలో పలువురు గుంటూరులోనో వరంగల్లులోనో స్ప్లెండర్ నడిపినవారు. ఆ బండి బరువు 112 కిలోలు. నేలనుండి సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు. అమెరికాలో కొత్తవారు విరివిగా కొనిన కవాసాకీ నింజా 400 సీటు ఎత్తు కూడ సరిగా 785 మిల్లీమీటర్లే. కాని బరువు 166 కిలోలకు చేరువ. కాళ్లు ఇంటివద్ద అందినట్లే అందును. బండి ఒరిగినప్పుడు ఆపవలసిన భారము మాత్రము ఒకటిన్నర రెట్లగును. హోండా రెబెల్ 300 బరువులో నింజాకు ఇంచుమించు సమానమైనను, సీటు ఎత్తు 690 మిల్లీమీటర్లు మాత్రమే. ఒకే బరువుగల రెండు బండ్లమధ్య జానెడులో సగముకంటె కొంచెము తక్కువైన ఈ తేడా, అయిదడుగుల మనిషికి మునివేళ్లపై తడబడుటకును, రెండు పాదములును నేలకు పూర్తిగా ఆనించి నిశ్చింతగా కూర్చుండుటకును గల తేడాయై పరిణమించును.

అట్లని సీటు ఎత్తు అంకెను గ్రుడ్డిగా నమ్మరాదు. సీటు వెడల్పైనచో తొడలు ఎడమై కాలి పొడవు వృథా యగును. ముందుభాగమున సన్ననిదైనచో ఎత్తైన సీటుపైనుండియు పాదము నేలనందును. మరియు, హార్లీ డేవిడ్‌సన్ సంస్థ తన బండ్లకు ప్రకటించు ‘భారముతో కూడిన సీటు ఎత్తు’ 180 పౌనుల, అనగా సుమారు 82 కిలోల మనిషి కూర్చున్నప్పటి కొలత. యాభై కిలోల మనిషి కూర్చున్నచో స్ప్రింగులు అంతగా దిగవు. సీటు కాగితముపై కంటె కొంత ఎత్తుననే మిగులును. ఇంతేకాక, సీటు తగ్గుగానున్నది గదా యని ఆ సంస్థవారి 330 కిలోల హెరిటేజ్ క్లాసిక్‌ను ఎంచుకొన్నవారు, అది వాలునేలపై ఒక్కసారి ఒరిగిననాడు, కాలు అందుట వేరు, భారము ఆపుట వేరు అని గ్రహింతురు.

మరి అన్నింటికంటె చిన్నబండియే మేలా యనిన, అదియు కాదు. కాలిఫోర్నియాలో 150 సీసీకి తక్కువైన బండ్లకు ఫ్రీవేలపై సామాన్యముగా ప్రవేశము లేదు. తేలికబండిపై తేలికమనిషి పోవునప్పుడు పెద్ద ట్రక్కుల విసురుగాలియు ప్రక్కగాలియు గట్టిగా త్రోయును. మూడువందల నుండి అయిదువందల సీసీలోపు, 165 నుండి 190 కిలోల బండి అల్పకాయునకు నగరమునకును, దూరప్రయాణమునకును చాలును. మన పొరుగున చెన్నైలో తయారై అమెరికాలోను అమ్ముడగుచున్న 181 కిలోల రాయల్ ఎన్‌ఫీల్డ్ హంటర్ 350 ఈ కోవలోనిదే.

కొన్న పిదప బండిని దేహమునకు కుదుర్చుకొనుటయు ఒక విద్య. దుకాణమునుండి వచ్చిన స్ప్రింగులు తేలికమనిషికి తరచుగా బిరుసుగానుండి, గతుకులలో బండిని ఎగురవేయును. వెనుక స్ప్రింగు బిగింపును సడలించినచో ప్రయాణము మెత్తబడును, సీటును కొంత దిగును. క్లచ్చి, బ్రేకు పిడులను చిన్న చేతులకు దగ్గరగా జరుపుకొనవచ్చును. మందమైన అడుగుగల బూట్లు, నురుగు తగ్గించి కుట్టించిన సీటు తరువాతి మెట్లు. బండినే క్రిందికి దింపు మార్పు చిట్టచివరిది. ఏలయన దానివలన మలుపులలో బండి నేలనొరయును. ప్రక్కస్టాండును కూడ కురచచేయనిచో బండి మరీ నిటారుగా నిలిచి అవతలి ప్రక్కకు పడిపోవును.

యంత్రము కొంత, నేర్పు కొంత. ఆగునప్పుడు రెండు కాళ్లును దించవలెనను నియమమేమియు లేదు. నడుమును కొద్దిగా ఎడమకు జరిపి ఎడమపాదమును పూర్తిగా ఆనించి, కుడిపాదమును బ్రేకుపై నుంచుట అనుభవజ్ఞుల పద్ధతి. గోడవైపు దిగు వాలులో ముందుచక్రము పెట్టి నిలిపిన బండిని వెనుకకు లాగుట కష్టము. వెనుకచక్రము గోడవైపు ఉండునట్లు నిలుపుట మేలు. పడిన బండిని ఎత్తుటకు చేతుల బలము చాలదు. ఇంజను ఆపి, గేరులోనుంచి, వీపును సీటుకు ఆనించి, మోకాళ్లు వంచి, కాళ్ల బలముతో వెనుకకు అడుగులు వేయుచు లేపవలెను. 1973లో స్థాపితమైన మోటార్‌సైకిల్ సేఫ్టీ ఫౌండేషన్ పాఠక్రమములలో కొత్తవారికి బండి నడుపుట మొదటినుండి నేర్పుదురు. టెక్సాస్‌లో కొత్తగా లైసెన్సు కోరువారందరికిని, కాలిఫోర్నియాలో 21 ఏండ్లలోపువారికిని శిక్షణ తప్పనిసరి. చట్టము కోరకపోయినను, కొనుటకు ముందే ఆ శిక్షణ పొందుట వివేకము. అక్కడి చిన్నబండ్లపై మీ కొలత మీకు తెలియును.

పాఠకులలో ఎవరైనను, లేక వారి బిడ్డలెవరైనను అమెరికాలో బండి కొనబోవుచున్నచో, వారికి నా విన్నపము ఒక్కటే. ఇంజను చప్పుడు వినుటకు ముందు, రోజూ తొడుగుకొను బూట్లతోనే సీటుపై కూర్చుండి పాదములు ఎంతవరకు ఆనునో చూడుడు. పిమ్మట దిగి, ఎవరి సాయమును లేక, దుకాణము ముందరి వాలులో బండిని పది అడుగులు వెనుకకు నెట్టుడు. నెట్టగలిగినచో అది మీ బండి; నెట్టలేనిచో, అది ఎంత అందమైనదైనను, మీది కాదు.